ఏడాది కూలి

మెడలో గొలుసు లాక్కుపోతున్న దొంగ చెయ్యి వదలనందుకు టైలరక్క కుడిచేతి నరాలు కత్తికి తెగిపోయాయి. ఎడమచేత్తో సూది పట్టడం నేర్చుకునేసరికి ఏడాది గడిచింది. ఇప్పటికీ దారం కొస పంటికింద పట్టుకునే కుడుతుంది. నవ్వితే జారిపోతుందని, పని మధ్యలో ఎవరైనా జోకులేస్తే విసుక్కుంటుంది. బాధితుల పరిహారం కోసం ఆఫీసుకు పిలిచిన రోజు, అధికారి చొక్కాకు గుండీ వేలాడుతుంటే ఆమె ప్రాణం ఊరుకోలేదు. "కదలకండి సార్," అని అక్కడికక్కడే కుట్టేసింది. ఆయన గుండీ లాగి చూసుకుని, "పని బాగానే చేస్తున్నావుగా! ఇంక నష్టమేముందమ్మా?" అన్నాడు. వెంట వెళ్ళిన చెల్లెలు నెత్తి కొట్టుకుంది. అక్క మాత్రం సూదిని జాకెట్టుకు గుచ్చుకుంటూ, "ఇది నేర్చుకోవడానికి ఏడాది పట్టింది సార్. ఆ ఏడాది కూలి ఎవరిస్తారు?" అంది. ఏడుపుమొహాలకు తప్ప కలం కదలని ఆ ఆఫీసులో ఆయన గుండీ తడుముకుంటూనే సంతకం పెట్టాడు. ఆ డబ్బుతో అక్క, రెండు కాళ్ళతో తొక్కే మిషనుకు కుడికాలితో నొక్కితే చాలు తిరిగే మోటారు పెట్టించుకుంది. మొన్న కనిపించినప్పుడు, బల్ల కింద ఖాళీగా ఊగుతున్న ఎడమకాలు చూపించి, దారం జారిపోయేలా నవ్వింది.

"మోటారొచ్చాక దీని పని పోయిందిరా తమ్ముడూ. దీనిక్కూడా పరిహారం అడగమంటావా?"