జగిత్యాలలో ఆమె వెతికిన బిడ్డ

టీచర్ చనిపోయారన్న కబురు గొల్లపల్లి బడిలో నేను పాఠం చెబుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడి భార్య. ఆ పేరు చూసి మొదటిసారి ఎత్తలేదు. ఏడాదిగా ఆ నంబరు మోగితే చాలు, టీచర్ ఇల్లు దాటి ఎటో వెళ్లిపోయారనో, అద్దంలో ఎవరో ఉన్నారని ఏడుస్తున్నారనో వినవలసి వచ్చేది. రెండోసారి మోగినప్పుడు వరండాలోకి వెళ్లి ఎత్తాను.

“పొద్దున చాయ్ తీస్కపోయిన. లేపితె లేస్తలేదు. నిద్రలనే పోయింది,” అన్నదామె. మళ్లీ తనే, “మొఖం మంచిగనే ఉన్నది. భయపడ్డట్టు లేదు,” అన్నది.

నేను అడగాలనుకుని, నోరు రాక ఆగిపోయిన మాట అదే.

ఆ రోజు కోరుట్లలో టీచర్ ఇంటి ముందు చేరినవాళ్లలో చాలామంది ఆమె దగ్గర చదువుకున్న ఆడవాళ్లు. వాళ్లంతా జగిత్యాలలో ఆమె చివరిసారి ఆడిన నాటకం గురించే చెప్పుకున్నారు. “గసొంటి యాక్టింగ్ మళ్ల సూడం,” అన్నారు. నా వైపు తిరిగి, “నువ్వు ఆన్నే ఉంటివి గద,” అన్నారు. తల ఊపి ఊరుకున్నాను. జగిత్యాలలో ఆ మధ్యాహ్నం నిజంగా ఏం జరిగిందో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు ఒక్కదాన్ని. చెప్పమని టీచరే అన్నారు కాబట్టి చెబుతున్నాను.

మా నాన్న, మేం అబ్బా అంటాం, కోరుట్ల బజార్లో దర్జీ. మా ఇంట్లో ఉర్దూ. ఆరో తరగతిలో తెలుగు మీడియం బడిలో చేరిన నాకు, నోరు తెరిస్తే అందరూ నవ్వుతారని వణుకు. సోషల్ చెప్పే టీచర్ ఒకరోజు నన్ను లేపి పాఠం చదవమన్నారు. పుస్తకం తెరిచాను గానీ చదవలేకపోయాను. ఆమె కోప్పడలేదు. బెల్లు కొట్టాక పక్కకు పిలిచి, చిన్న డబ్బీ తీసి నా చేతిలో ఒక లవంగం పెట్టారు.

“నాకు సుత భయమే బిడ్డా. ఇన్నేండ్ల సంది పాఠం చెప్తున్న, క్లాసుల అడుగు పెట్టెటప్పుడు ఇప్పటికీ కాళ్లు వణుకుతయ్. గందుకే లోపటికి వచ్చే ముందు ఇదొకటి కొరుకుత.”

నిజంగానే ఆమె పిరికి మనిషి. కుక్క ఎదురైతే వీధి మార్చేవారు. ఉరుము వినిపిస్తే తరగతిలోనే చెవులు మూసుకునేవారు. ఇంటికి తాళం వేసి సగం దూరం వచ్చాక, గ్యాస్ కట్టేశానా లేదా అని మళ్లీ వెనక్కి నడిచేవారు. పిల్లలం నవ్వుకునేవాళ్లం. ఆమె కూడా నవ్వేవారు, కానీ వెనక్కి వెళ్లడం మానేవారు కాదు.

ప్రాచీన గ్రీసు పాఠం వచ్చినప్పుడు మాత్రం ఆమె వేరే మనిషి. రాజులు, యుద్ధాలు, ఓడలు అన్నీ అయ్యాక పుస్తకం మూసేసేవారు. “మొగోళ్లు యుద్ధానికి పోయిన్రు. సరే. మరి ఇంట్ల ఎవలున్నరు?” అని అడిగి, పుస్తకంలో లేని కథ మొదలుపెట్టేవారు. గ్రీకు పేర్లు మన నోటికి తిరగవని ఒక్క పేరూ చెప్పలేదు. నేసే పిల్ల, పాముల జుట్టు ఆమె, బిడ్డను పోగొట్టుకున్న తల్లి. మాకు అంతే తెలుసు.

టీచర్ పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఆ ముగ్గురి కథలనూ నాటకంగా రాసుకున్నారు. గంటన్నర, వేదిక మీద ఆమె ఒక్కరే. ఒక ముక్కాలిపీట, ఒక తెల్లటి సిరిసిల్ల నూలు చీర. ఒక్కొక్క కథకు చీరను ఒక్కో తీరుగా చుట్టుకునేవారు. నల్లటి తెర మా అబ్బా కుట్టిచ్చాడు. ఆ తెర పక్కన నోటుపుస్తకం పట్టుకుని నిలబడి, ఆమె ఎక్కడైనా ఆగితే తర్వాతి మాట అందించడం నా పని. వేదిక ఎక్కే పని కాదు గనుకనే ఒప్పుకున్నాను.

చూసినవాళ్లను రాయిగా మార్చేదని లోకమంతా పాముల జుట్టు ఆమెకు భయపడింది. టీచర్ నాటకంలో వణికేది ఆమే. గుడిలో ఒక దేవుడు ఆమెను చెరిచాడు, శిక్షగా పాముల జుట్టు, రాయి చేసే చూపు మాత్రం ఆమెకు వచ్చాయి. ఇక ఏ ముఖాన్నీ ప్రేమగా చూడలేక చీర కొంగు కళ్లకు కట్టుకుని తిరుగుతుంది. “వీరుల ధైర్యం చెప్పెటోళ్లు శానమంది ఉన్నరు బిడ్డా. నేను గీళ్ల భయం చెప్త,” అనేవారు టీచర్.

సిరిసిల్లలో ఆడిన రోజు ఆ భయం మా మీదికే వచ్చింది. నాటకం ఇంకో అరగంటలో ఉందనగా నలుగురైదుగురు మగవాళ్లు తెర వెనక్కి వచ్చారు. ముందున్న పెద్దాయన జీవితమంతా మొదట మగ్గం మీద, తర్వాత సాంచెలనే మరమగ్గాల మీద నేసినవాడు.

“నేసే పిల్లను సాలెపురుగును చేస్తవట గదమ్మా. మా ఊరికొచ్చి మమ్ములనే పురుగులంటవా?” అన్నాడు. వెనక నుంచి ఇంకొకడు, “ఆట మొదలు కానిస్తె గద,” అన్నాడు.

టీచర్ నా మణికట్టు పట్టుకున్నారు. దాన్ని వదలకుండానే మాట్లాడారు. “నేను అంటలేను పెద్దయ్యా. ఆ పిల్ల తనకంటె మంచిగ నేసిందని దేవత ఓర్వలేకపోయింది. పురుగును చేసింది ఆమెనే. మీరు ముందట కూసొని సూడున్రి. తప్పనిపిస్తె గప్పుడు లేసి చెప్పున్రి.”

ఆయన ముందు వరుసలోనే కూర్చున్నాడు. దేవతతో పందెం కట్టి నేస్తున్న పిల్లకు ఒక చోట పోగు తెగుతుంది. టీచర్ గాలిలోనే ఆ పోగు పట్టుకుని ముడి వేశారు. “గట్ల కాదు,” అని పెద్దాయన లేచాడు. ఇక కుర్చీలు లేస్తాయని నేను తెరను గట్టిగా పట్టుకున్నాను. ఆయన వేదిక అంచు దాకా వచ్చి రెండు వేళ్లు చూపించాడు. “ముడేస్తె బట్టల కనవడ్తది. గిట్ల నలిపి అతకాలె.”

టీచర్ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చూపినట్టు చేశారు. కుదరలేదు. మళ్లీ చేశారు. మూడోసారికి ఆయన తలాడించి వెళ్లి కూర్చున్నాడు. ఆమె ఆ పిల్ల గొంతుతోనే కథ అందుకున్నారు. అంతా అయ్యాక ఆయన దగ్గరికి వచ్చి, “పురుగైనా నేసుడు ఇడ్వలేదు గద. గది సాలు,” అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎక్కడ ఆడినా టీచర్ పోగును నలిపే అతికారు.

మరుపు ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. ఒకరోజు ఇంట్లో సాధన చేస్తూ పాముల జుట్టు ఆమె మాటలను నేసే పిల్ల నోట పెట్టారు. నేను సరిచేస్తే నవ్వారు. వారం తర్వాత మళ్లీ అదే జరిగింది. ఈసారి నవ్వలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. ఇది తగ్గే జబ్బు కాదని, మెల్లగా పెరుగుతుందని చెప్పాడు. అప్పటికే జగిత్యాలలో నాటకం ఒప్పుకుని ఉన్నారు.

“గీ ఒక్కటి ఆడనియ్యి. నువ్వు తెర పక్కన ఉంటవు గద. ఎవలకు చెప్పకు,” అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. వద్దని చెప్పాల్సింది. వేదిక మీద ఆమెకు ఏమవుతుందోనని భయం. వద్దంటే ఆ ముఖం ఏమవుతుందోనని ఇంకా భయం. సరేనన్నాను.

జగిత్యాలలో ఆదివారం మధ్యాహ్నం, ఒక ఫంక్షన్ హాలు. మొదటి రెండు కథలూ ఒక్క మాట తప్పకుండా చెప్పారు. మూడోది తల్లి కథ. పూలు కోస్తున్న బిడ్డను, భూమి చీల్చుకుని వచ్చిన పాతాళపు రాజు ఎత్తుకుపోతాడు. తల్లి లోకమంతా వెతుకుతుంది. “నా బిడ్డ ఇప్పుడే ఈడ ఉండె,” అని టీచర్ ఆగారు. తర్వాతి మాట అందించాను. వినిపించలేదేమోనని గట్టిగా చెప్పాను. ఆమె నా వైపు తిరిగారు. ఆ చూపులో నేను లేను.

మెల్లగా వేదిక మెట్లు దిగారు. నాటకంలో ఆమె వేదిక దిగే ఘట్టమే లేదు. మొదటి వరుసలో ఉన్నామె భుజం పట్టుకుని, “నా బిడ్డను సూసిన్రా? ఇప్పుడే ఈడ ఉండె. పసుపుపచ్చ గౌను ఏసుకున్నది,” అన్నారు.

నా నోటుపుస్తకంలో పసుపుపచ్చ గౌను ఎక్కడా లేదు.

ఒక్కొక్కరినీ అడుగుతూ వరుస తర్వాత వరుస వెళ్తున్నారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. “ఏ దిక్కు పోయింది తల్లీ?” అని ఒకామె అడిగింది. ఇంకొకామె వంగి కుర్చీ కింద చూసింది. వాళ్లందరికీ అది నాటకం. నాకు మాత్రం కాదు. ఆమె హాలు వెనక తలుపు వైపు వెళ్తున్నారు, ఆ తలుపు తెరిచి ఉంది, బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

పుస్తకం పడేసి పరుగెత్తాను. అంతమంది ముందు ఎప్పుడూ నిలబడనిదాన్ని, తలుపుకూ ఆమెకూ మధ్య వెళ్లి నిలబడ్డాను. “అమ్మా,” అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూశారు. “నువ్వు కాదు,” అన్నారు.

ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు గానీ నోటికి వచ్చిన మాటలు చెప్పాను. “నేనే అమ్మా. ఇన్నొద్దులు ఆ కిందనే ఉంటి. పెద్దగైన. గందుకే నీకు గుర్తువడ్తలేను.”

నా ముఖాన్ని రెండు చేతులతో తడిమారు. చాలాసేపు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ శబ్దానికి అదిరిపడి నా వెనక నక్కి, “ఎవలు వీళ్లంత?” అని అడిగారు. ఆ చప్పట్ల మధ్య నుంచే ఆమెను బయటికి తీసుకొచ్చాను.

ఆటోలో కూర్చున్నాక, “నువ్వు ఎవల బిడ్డవమ్మా?” అన్నారు.

“దర్జీ బిడ్డను టీచర్.”

“మంచిగ కుడ్తడు మీ నాయిన,” అని నా వైపు ఒరిగి కళ్లు మూసుకున్నారు.

ఆ తర్వాత మళ్లీ ఆడలేదు. పసుపుపచ్చ గౌను ఎవరిదో ఆమె తమ్ముడి భార్యను అడిగాను. ఆమెకూ తెలియదు.

చనిపోవడానికి కొన్ని వారాల ముందు వెళ్లినప్పుడు టీచర్‌కు ఆ పూట తెలివి స్పష్టంగా ఉంది. నన్ను పేరు పెట్టి పిలిచారు. “జగిత్యాలల ఏమైంది చెప్పు. వచ్చినోళ్లంత మస్తు ఆడినవంటున్నరు. నాకు ఒక్క ముక్క యాదికి లేదు. ఆడితె యాదికుంటది గద?”

అంతా చెప్పాను.

“జనం నవ్విన్రా?”

“లేదు టీచర్. ఏడ్సిన్రు.”

“నాకు భయమైతున్నది బిడ్డా,” అన్నారు.

ఏడాదిగా ఆమె ముందు ధైర్యంగా ఉన్నట్టు నటిస్తూ వచ్చాను. ఆ పూట చేతకాలేదు. “నాకు సుత టీచర్,” అన్నాను. ఆమె మంచం మీద జరిగి నాకు చోటిచ్చారు. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నాం. భయం తగ్గలేదు. కానీ కూర్చోగలిగాం.

“నేను పోయినంక అందరికి చెప్పు,” అన్నారు కాసేపటికి. “గది యాక్టింగ్ కాదని చెప్పు. ఒక్కదాన్నే ఆడిన అనుకుంటున్నరు గద. ఇద్దరం ఉంటిమని చెప్పు.”

సాయంత్రం బయలుదేరాను. ఆమె ఇల్లు పెద్ద రోడ్డు మీదే. తమ్ముడి భార్య చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చారు. నేను కొంచెం ముందున్న స్టాపులో జగిత్యాల బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూశాను. టీచర్ ఇంకా అక్కడే ఉన్నారు. మా బస్సు వైపు కాదు, ఎదురు దిక్కున మెట్‌పల్లి వెళ్తున్న బస్సుకు చెయ్యి ఊపుతున్నారు. ఆ బస్సు కిటికీలోంచి ఎవరో తెలియని అమ్మాయి, బస్సు కనుమరుగయ్యేదాకా, తిరిగి చెయ్యి ఊపింది.