దండ వేసిన ఫోటోలో మా అమ్మ

మా అమ్మ బాలమణి గత సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. ఆ దుర్వార్త చెప్పడానికి ఊరికి ఫోన్ చేస్తే, మా పెద్దమ్మ "ఏ సీరియల్ల బిడ్డా?" అని అడిగింది. ఈసారి నిజంగానే అని చెప్పాల్సి వచ్చింది.

పెద్దమ్మ తప్పేం లేదు. ఫిలింనగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా అమ్మ చేసిన పని, చచ్చిపోయిన తల్లిగా గోడమీద ఉండడం. కథానాయకుడికి తల్లి లేదని చూపించాలంటే ఒక ఫోటో, దానికో దండ కావాలి. పేరున్న నటీమణులు అపశకునమని ఒప్పుకోరు. అమ్మ ఒప్పుకుంది. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు కిరాయికిచ్చే బంగళాల హాళ్లలో మందస్మితవదనంతో అమ్మ వేలాడుతుండేది. కాలక్రమేణా అమ్మ జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి. ఫోటోలో మాత్రం వయసు కదల్లేదు. టీవీలో కనబడితే, "గామె ఇంక గట్లనే ఉన్నది చూడు" అనేది, ఎవరో పరాయి మనిషి గురించి చెప్పినట్టు.

ఆ పని మా చదువు కోసమే. కానీ తల్లి పట్నంలో పనికి పోతే, ఊళ్లో ఆమె ఇంటిచాకిరీ పెద్దకూతురి నెత్తిన పడుతుంది. ఊళ్లో అమ్మమ్మ దగ్గర చెల్లిని చంకనెత్తుకుని నేను ఆరో తరగతిలోనే బడి మానేశాను. గ్రామసీమల్లో ఎందరో బాలికల విద్యాభ్యాసం ఇలాగే నిశ్శబ్దంగా అంతరిస్తుంది.

తల్లిలేని ఆడపిల్లలకు హాస్టల్ బడిలో ముందుగా సీటిస్తారని ఎవరో అమ్మమ్మకు చెప్పారు. ఆ షూటింగ్ ఫోటో ప్రతి ఒకటి ఇంట్లో ఉంటే, ఆమె దానికి దండ వేసి పట్టుకుని నన్ను తీసుకెళ్లింది. ప్రధానోపాధ్యాయురాలు కళ్లు తుడుచుకుని సీటు ఖాయమన్నారు. సంగతి తెలిసి అమ్మ మర్నాడే బస్సు దిగి, నన్నూ అమ్మమ్మనూ వెంటబెట్టుకుని ఆ బడికి వెళ్లింది. ఫోటో ఇంకా బల్లమీదే ఉంది. అందులోని మనిషి గుమ్మంలో నిలబడేసరికి ప్రధానోపాధ్యాయురాలు ఫోటోనీ అమ్మనీ మార్చిమార్చి చూశారు.

"నేను సావలేదు మేడం. పనికి పోయిన," అంది అమ్మ.

"సీటు పోతది, ఊకోవే," అని అమ్మమ్మ కొంగు లాగింది.

"టీవీల ఎందరికైనా సచ్చిన తల్లినైత. నా బిడ్డకు కాను."

సీటు పోయింది. అమ్మ మా ఇద్దరినీ రహమత్‌నగర్‌లోని తన ఇరుకు గదికి తెచ్చుకుని, దగ్గర్లోని సర్కారు బడిలో వేసింది. తల్లిదండ్రులను ఎప్పుడు పిలిచినా పని మానుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చునేది. "నేనున్ననని అందరికి తెల్వాలె," అనేది. నేనివాళ ఉపాధ్యాయురాలినయ్యానంటే ఆ మొండితనం వల్లే. ఆ కష్టజీవికి సాష్టాంగ నమస్కారం.

సోమవారం సాయంత్రం, ఊరివాళ్ల కోసం ఎదురుచూస్తూ అమ్మను చాపమీద ఉంచాం. పక్కింటి టీవీలో సీరియల్ మొదలైంది. ఎవరో కుర్రాడు "నేను పాసయ్యానమ్మా" అని ఏడుస్తున్నాడు. ఎవరి ఫోటో ముందో చూడకుండానే తెలిసింది. చెల్లి ఆపించడానికి లేచింది. నేను వద్దన్నాను. ఆ గోడమీంచి అమ్మ అతని మాట వింటున్నట్టే అనిపించింది.

కుర్రాడు కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఒకరు రాకపోతే క్షణంలో మరొకరిని పిలుచుకునే ఈ సినిమా ఊళ్లో, మా అమ్మ స్థానంలో పిలుచుకోవడానికి నాకెవరూ లేరు.