జొన్నచేలో విన్న ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మగవాడు నలుగురిలో చెప్పుకోని జబ్బు గురించి చెప్పబోతున్నాను, మీరు నవ్వినా సరే, నాకు మేలు చేసిన దేవుణ్ణి దాచలేను!

రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులవి. మాది నల్గొండకు ఒక పూట బండి ప్రయాణం. యాభై అయిదు దాటినా నేను దొర బావి దగ్గర మోట తోలుతూ పాట ఎత్తుకుంటే అవతలి చేలో కలుపు తీసేవాళ్ళు అందుకునేవారు, అబ్బా, ఏం రోజులవి! అలాంటి నాకు ఒక్క ఏడాదిలో కండలు జారాయి, మూత్రం చుక్కలు చుక్కలుగా వచ్చేది, మాటిమాటికీ గట్టు చాటుకు పోవలసి వచ్చేది. మగతనం పోయిందని లోలోపల కుమిలి, ఆ కోపమంతా నా భార్య మరియమ్మ మీద చూపించాను. సంకటి చల్లారిందని గిన్నె విసిరికొట్టాను సహోదరులారా!

ఒకనాడు దూరంగా దుమ్ము లేచింది, రజాకార్లేనని ఊరంతా గుట్టకు పరుగెత్తింది. నాకు పొద్దుటినుంచీ చుక్క రాక పొత్తికడుపు రాయిలా బిగిసి, జొన్నచేలో కూలబడ్డాను. మరియమ్మ వెనక్కి వచ్చింది.

"ఏమైందయ్యా? నాకు జెప్పకుంటె ఎవలకు జెప్తవ్?"

"ఒంటికి వస్తలేదే. సిగ్గయి జెప్పలే. నువ్వన్న పోయి పాణం దక్కించుకో."

ఆమె పోలేదు. సాలులో మోకరించింది. "తండ్రీ, ఈయన నన్ను మస్తు తిట్టిండు, అయినా నాకు ఈయన గావాలె. జర సూడు నాయినా!"

దేవునికి స్తోత్రం, ఆ దుమ్ము రజాకార్లది కాదు, వాళ్ళను అణచడానికి వచ్చిన యూనియన్ మిలిట్రీ లారీలది! భయం తీరి జనం తిరిగొచ్చి, బండి కట్టి, నన్ను మిషన్ దవాఖానకు చేర్చారు. డాక్టరుగారు గొట్టం వేసి ప్రాణం నిలబెట్టారు.

"పెద్దాయనా, గిది శాపం గాదు. వయసు మళ్ళితే మగోళ్ళ ఒంట్ల మార్పులొస్తయి, లోపల గ్రంథి ఉబ్బి దారి మూస్తది. మా నాయినకు గూడ గిట్లనే అయింది" అన్నారాయన.

కొన్నాళ్ళకు ఆపరేషన్ చేశారు, నయమైంది. పాత బలం మళ్ళీ రాలేదు, మోట వేరేవాళ్ళ చేతికి పోయింది, కానీ కోపం నన్ను విడిచింది. మరియమ్మను క్షమాపణ అడిగాను. ఆ తరువాత ఎన్నో సాయంకాలాలు ఇద్దరం గడపలో కూర్చుని అనపకాయలు ఒలుచుకుంటూ కబుర్లాడుకున్నాం, పెళ్ళయిన కొత్తలో కూడా అంత మాట్లాడుకోలేదు! ఇప్పుడామె ప్రభువు సన్నిధిలో ఉంది.

తలలు నెరిసిన నా అన్నదమ్ములారా, మన ఒంటిని చేసినవాడి దగ్గర మనకు సిగ్గేమిటి? ఆయనకు చెప్పండి, లేచి వెళ్ళి ఇంటిదానికి చెప్పండి, తెల్లవారి దవాఖానకు నడవండి. ఆయన చెయ్యి మూడు చోట్లా ఉంటుంది. దేవునికే మహిమ!