తడి తువ్వాలు ఎవరి చేతిలో

ఆ తడి తువ్వాలు మీద సరోజ ఆంటీకి మొదటినుంచీ చిరాకే.

ఎడిన్‌బర్గ్‌లో ఉన్న తెలుగువాళ్ళంతా దీపావళికి ఒక కమ్యూనిటీ హాలు తీసుకున్నారు. లోపల పులిహోర వాసన, పిల్లల పరుగులు, మైకు గురగుర. వెనక కార్ పార్కులో తాడు కట్టి ఖాళీ చేసిన చోటు. ఆ చోటుకు వెళ్ళే తలుపు పక్కన బకెట్లో ముంచి తీసిన పాత నూలు తువ్వాలు ఒకటి నీళ్ళు కారుతూ కుర్చీ మీద పడి ఉంది.

"ఎవరిదమ్మా ఈ తడిగుడ్డ? పూజ పూటా గుమ్మంలో ఈ దరిద్రమేంటి?" అంది ఆంటీ, రెండు వేళ్ళతో దాన్ని ఎత్తి.

"నాదే ఆంటీ. తియ్యకుండ్రి," అంది సాత్విక. ఆమె మాట ఎప్పుడూ మెల్లగానే వస్తుంది. ఎదుటివాళ్ళు "ఆఁ?" అని ఇంకోసారి అడగవలసిందే.

"ఆఁ?"

"తియ్యకుండ్రి. మంట అంటుకుంటే కప్పెటందుకు."

"మంట ఎవరికంటుకుంటుందే?"

"నాకు."

ఆంటీ పకపకా నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం తువ్వాలు కింద పెట్టలేదు. "ఎలా కప్పుతారు? బాదుతారా?"

"కొట్టొద్దు, ఇసరొద్దు. గాలి తాకితె ఇంకింత మండుతది. మీద పరిచి గట్టిగ అదిమి పట్టాలె. సందు లేకుండ."

"అయితే బాణలి అంటుకుంటే మూత పెట్టినట్టే," అని ఆంటీ తువ్వాలును ఉన్నచోటే పెట్టింది. "చున్నీ ఏదే? పండగపూట నల్ల లాల్చీ ఏంటి, ఎవరో పోయినట్టు?"

చున్నీ మాట సాత్విక పొద్దున్నుంచి వింటూనే ఉంది. ప్రోగ్రాం వేసినవాళ్ళు పట్టు లంగా, ఓణీ కావాలన్నారు. జడకు పూలు కావాలన్నారు. అందరికీ మెల్లగా, చిరునవ్వుతో "కుదరదండి" అని చెప్పి చెప్పి ఆమె దవడలు నొప్పెట్టాయి.

సాత్వికది జగిత్యాల దగ్గర పల్లె. అమ్మ బీడీలు చుట్టేది. ఇంటర్ రెండో ఏడు మధ్యలో నాన్న మంచాన పడితే కాలేజీ ఆగింది. ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. తర్వాత రాజ్‌కిరణ్‌తో పెళ్ళి. అతను ఇక్కడ ఒక బ్యాంకు ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తాడు. ఆమె హోటల్లో గదులు సర్దే పనికి చేరింది. రోటాలో ఏ షిఫ్టు రాస్తే ఆ షిఫ్టు. ఇంగ్లీషు అర్థమవుతుంది, నోట్లోంచి రాదు. అందుకని చూడటం బాగా నేర్చుకుంది.

పనినుంచి పార్కు మీదుగా నడిచి వస్తుంటే ఒక జట్టు కనిపించింది. రెండు చేతుల్లో రెండు గొలుసులు, గొలుసు చివర వత్తి చుట్టిన ముద్ద, దానికి మంట. ఆ మంటలు చీకట్లో చక్రాలు గీస్తున్నాయి. వాళ్ళలో ఒక నర్సు ఉంది, ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. సరదాకు చేస్తారు, అంతే. సాత్విక బెంచీ మీద కూర్చుని చూసింది. మర్నాడూ చూసింది. చాలా రోజులు చూశాక ఐలా అనే ఆవిడ వచ్చి, ఏమీ అడక్కుండా ఆమె చేతిలో రెండు మేజోళ్ళు పెట్టింది. వాటిలో బియ్యం పోసి మూతి కట్టేసి ఉన్నాయి.

నెలల తరబడి ఆ బియ్యం మేజోళ్ళే. మంట ఊసే లేదు. ఇంట్లో రాజ్‌కిరణ్ ఊరుకుంటాడా? "బియ్యం మూటలు తిప్పెటోళ్ళు మా మార్కెట్ యార్డుల మస్తు మంది ఉన్నరు. ఆళ్ళకు కూలి ఇస్తరు, నీకెవరిస్తరు?" అని నవ్వేవాడు. ఆమె బయట గోడవైపు తిరిగి తిప్పుకునేది. తలకు తగిలేవి, మోచేతికి తగిలేవి. పుట్టి బుద్ధెరిగాక ఎవరికోసమూ కాకుండా ఆమె చేసిన పని అదొక్కటే.

ఆ జట్టులో కొత్తవాళ్ళకు ముందు నేర్పేది తిప్పడం కాదు. ఏం కట్టుకోవాలో నేర్పుతారు. వేసుకొచ్చిన బట్టలోంచి ఒక పోగు లాగి అంటిస్తారు. నూలైతే బూడిదై రాలుతుంది. పాలియెస్టరైతే కరిగి నల్లటి బొట్టై వేలాడుతుంది. ఆ బొట్టు ఒంటిమీద పడితే రాదు, తోలుతోనే వస్తుంది. వత్తులు ముంచే పారఫిన్ నూనె డబ్బాకు మూత, డబ్బా మంటకు దూరం, వత్తి పిండకుండా వెలిగించకూడదు, తాగినవాళ్ళు గీత దాటకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం సేఫ్టీ. తిప్పే మనిషి ఒకరైతే తడి తువ్వాలుతో కాపు కాసే మనిషి ఇంకొకరు. ఆ మనిషిని సేఫ్టీ అనే పిలుస్తారు. సేఫ్టీ కళ్ళు మంట మీదనుంచి కదలకూడదు. చేతిలో తువ్వాలు తప్ప ఇంకేదీ ఉండకూడదు. తిప్పడం అయ్యాక తిప్పినవాళ్ళు చేతులు చాచి కదలకుండా నిలబడి "సేఫ్టీ!" అని పిలవాలి. వత్తులింకా మండుతూనే ఉంటాయి. సేఫ్టీ వచ్చి ఒక్కో వత్తినీ తువ్వాల్లో అదిమి ఆర్పాలి. అప్పటిదాకా ఎవరూ దగ్గరికి రాకూడదు.

ఇవన్నీ సాత్విక రాజ్‌కిరణ్‌కు చెప్పింది. ఎందుకంటే దీపావళి ప్రోగ్రాంలో ఆమె పేరు వేసేసరికి, బియ్యం మూటలని నవ్విన మనిషికి హఠాత్తుగా భార్య మీద గర్వం పుట్టింది. ఐలా తను వచ్చి సేఫ్టీగా ఉంటానంటే వద్దన్నాడు.

"మనోళ్ళ పండుగకు ఆమె ఎందుకు? నేనున్న గద. నా పెళ్ళాన్ని నేను చూస్కోనా?"

ఒక సాయంత్రం పార్కుకు వచ్చి తువ్వాలు పట్టుకోవడం నేర్చుకున్నాడు. "ఇంతేనా? ఈజీ," అన్నాడు. కార్ పార్కులోకి వెళ్ళే ముందు కూడా సాత్విక అతన్ని పక్కకు పిలిచింది.

"ఆట ఆగినంక ఎవ్వల్ని రానియ్యకుండ్రి. నేను పిలిస్తె మీరొక్కరే రావాలె."

"ఎన్నిసార్లు చెప్తవే? చిన్నపిలగాన్నా?"

ఆట బాగా సాగింది. చలి గాలిలో మంటలు ఫరఫరలాడుతూ తల చుట్టూ, మోకాళ్ళ పక్కన, వీపు వెనక తిరిగాయి. పిల్లలు నోళ్ళు తెరిచారు. లోపల మైకు పట్టుకున్న మనిషి కూడా బయటికి వచ్చి చూశాడు. సాత్వికకు ఎవరూ కనిపించలేదు. గొలుసులు గాలిని కోసే చప్పుడు మాత్రం వినిపించింది. చివరికి ఆమె ఆగి, రెండు చేతులు పక్కలకు చాచి నిలబడింది. గొలుసుల చివర వత్తులు మోకాళ్ళ ఎత్తున ఇంకా మండుతున్నాయి.

ఆగిన చేతులు చూసి అందరూ ఆట అయిపోయిందనుకున్నారు. చప్పట్లు మోగాయి.

"సేఫ్టీ!" అంది సాత్విక.

ఆ చప్పట్లలో ఆమె గొంతు ఎవరికి వినపడుతుంది? ఆమె రాజ్‌కిరణ్ వైపు చూసింది. తువ్వాలు కుర్చీ మీద ఉంది. అతని చేతుల్లో ఫోన్ ఉంది. ఆమె వెనకవైపు ఉన్న ఎవరికో చెబుతున్నాడు: "వెళ్ళండి సార్, మంట ఉంటెనే ఫొటో మంచిగొస్తది."

మనవాళ్ళ మర్యాద అది. పాట పాడినా, పద్యం చదివినా, ఆఖరికి వంట బాగా చేసినా శాలువా కప్పాలి. సంఘం అధ్యక్షుడు డాక్టర్ ఉమామహేశ్వరరావు అంకుల్ నవ్వుముఖంతో వెనకనుంచి వచ్చి, జరీ అంచు మెరిసే శాలువా ఆమె భుజాల మీద కప్పాడు. అంచు చాచిన ఎడమ చేతి మీదుగా జారి గొలుసు వత్తి మీద పడింది.

పాలియెస్టర్. మంట అంచు పట్టుకుని పైకి పాకింది.

సాత్విక గొలుసులు వదిలేసింది. శాలువా లాగితే మెడ దగ్గర పిన్నుకు చిక్కుకుంది. కప్పేటప్పుడు జారిపోకుండా ఎవరో పిన్ను కూడా ఇచ్చారు మరి! మోచేయి మీద ఏదో వేడిగా అతుక్కుంది. డాక్టరు గారు అరచేతులతో బాదుతున్నారు, బాదినకొద్దీ మంట ఎగుస్తోంది. రాజ్‌కిరణ్ "ఏయ్! ఏయ్!" అంటున్నాడు. ఫోన్ ఇంకా పైకే ఉంది.

"తప్పుకోండి!"

సరోజ ఆంటీ. పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపి తడి తువ్వాలు తెచ్చి సాత్విక మెడనుంచి మోచేతిదాకా పరిచి, ఒంటి బరువంతా వేసి అదిమింది. ఇద్దరూ కిందపడ్డారు. పడినా ఆంటీ చేతులు తీయలేదు.

మంట ఆరింది.

తర్వాత హాలు వంటగదిలో కుళాయి కింద చాలాసేపు చెయ్యి పెట్టించారు. ఎవరో పసుపు తెస్తే, ఎవరో టూత్‌పేస్ట్ తెస్తే డాక్టరు గారు కసిరి పంపేశారు. ఆయన అరచేతులూ ఎర్రగా కమిలాయి.

"క్షమించమ్మా. నేను అడిగానమ్మా, వెళ్ళొచ్చా అని. ఏం రాజ్‌కిరణ్, అడిగానా లేదా?"

"అయిపోయిందనుకున్న సార్," అన్నాడు రాజ్‌కిరణ్.

సాత్విక తలెత్తి అతన్ని చూసింది. మంట ఉంటేనే ఫొటో మంచిగొస్తుందని అన్నది ఈ నోరే. చెయ్యి మీద నీళ్ళు చల్లగా కారుతూనే ఉన్నాయి. తలుపు దగ్గర ఒకావిడ ఇంకొకావిడతో అంటోంది, "నిప్పుతో ఆటలేంటండీ ఆడపిల్లకి? తెలిసి తెలిసి..." అవతల మైకులో లక్కీ డ్రా మొదలైంది. ఎవరో ఆమెకు కాగితం పళ్ళెంలో పులిహోర తెచ్చిపెట్టారు.

ఆ రాత్రి ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చారు. మర్నాడు పొద్దున జగిత్యాలనుంచి అత్తమ్మ ఫోన్.

"ఈడియో జూసిన బిడ్డా. మంచిగనే ఉంది గని, ఇగ బంద్ జెయ్యి. వాడు భయపడుతున్నడు."

రాజ్‌కిరణ్ ఇంటి గ్రూపులో వీడియో పెట్టాడు. శాలువా భుజం మీద పడే దగ్గర కత్తిరించి పెట్టాడు. కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు.

ఫోన్ పెట్టేసి వంటగదిలోకి వచ్చేసరికి అతను టీ తాగుతూ అన్నాడు, "అమ్మ చెప్పింది గద. ఇగ చాలు. ఆ గొలుసులు కౌన్సిల్ చెత్త బిన్నుల ఏస్త. నీకేమన్న అయితె మీ నాయనకు నేనేం జవాబు చెప్పాలె?"

సాత్విక అలమర తెరిచి శాలువా తీసింది. సగం కాలింది, సగం మెరుస్తోంది. జ్ఞాపకంగా దాచుదామని అతనే తెచ్చాడు. ఆమె దాన్నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్ల గీసి అంటించింది. పోగు మెలికలు తిరిగింది. నల్లటి బొట్టు ఒకటి ఉబ్బి, వేలాడి, టప్పున స్టీలు సింకులో పడి అతుక్కుంది.

"గోకుండ్రి," అంది.

"ఏంది?"

"గోరుతోని గోకుండ్రి. వస్తదేమో చూడుండ్రి."

అతను గోకలేదు.

"గిది నా మోచేతి మీద పడ్డది. అప్పుడు మీ చేతుల ఏమున్నది?"

"నేనేమన్న కావాలని చేసిన్నా? నువ్వు నిప్పుతోని ఆడితె తప్పు నాదైతదా?"

ఆమె గొంతు పెరిగింది. ఆ ఫ్లాట్ గోడలు ఆ గొంతును అంతకుముందు వినలేదు.

"నిప్పు నన్నేం మోసం జెయ్యలే! అది ఏం జేస్తదో నాకు ఎర్క, అందుకే అన్ని కట్టడి జేసుకున్న. మీరేం జేస్తరో ఎర్కలేకపాయె. ఒక్క గుడ్డ పట్టుకొని నిలబడుమన్న. ఒక్క గుడ్డ! గది గూడ నా పానం కన్న మీ ఫొటోకు అడ్డమొచ్చింది. డాక్టర్ సాబ్ ముంగట అబద్ధమాడిన్రు. ఇప్పుడు నా గొలుసులు పారేస్తరు?"

"మెల్లగ మాట్లాడు, పక్కింటోళ్ళు..."

"మెల్లగనే మాట్లాడిన, ఇన్ని దినాలు!"

గొలుసుల సంచీ తీసి మంచం పక్కన తన వైపు పెట్టుకుంది. రాజ్‌కిరణ్ ఆ బొట్టునే చూశాడు. తర్వాత "సారీ" అన్నాడు, ఆఫీసు మెయిల్లో రాసినట్టు.

కట్టు విప్పిన వారం ఆమె పార్కుకు వెళ్ళింది. ఎవరికి ప్రమాదం జరిగినా, అదెలా జరిగిందో అందరూ గుండ్రంగా కూర్చుని వినేదాకా ఆ జట్టులో ఏ వత్తీ వెలగదు. సాత్విక తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. మాటలు తడబడ్డాయి గాని ఏదీ దాచలేదు. సేఫ్టీ చేతిలో ఫోన్ ఉందని చెప్పింది. అతను తన భర్త అని కూడా చెప్పింది. ఐలా ఒక్కటే అడిగింది: నువ్వు నమ్మే సేఫ్టీ ఇప్పుడు ఎవరు?

సాత్విక వెనక్కి తిరిగి చూపించింది.

బెంచీ దగ్గర సరోజ ఆంటీ నూలు సల్వారు మీద ఉన్ని కోటు వేసుకుని, తలకు నూలు గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది. రెండు రోజుల ముందు తనే ఫోన్ చేసింది. "ఏమ్మాయ్, ఆ గుడ్డ పట్టుకునే ఉద్యోగం ఖాళీగా ఉందా? మా ఆయన మోకాళ్ళ నొప్పుల కబుర్లు వినీ వినీ విసుగొచ్చింది," అని.

ఇంతలో కారు ఆగింది. రాజ్‌కిరణ్ దిగి గబగబా వచ్చాడు. "నేను పట్టుకుంట ఆంటీ, ఇటియ్యండి. ఈసారి జాగ్రత్తగ..."

"చేతిలో ఏముంది నాయనా?"

అతను చూసుకున్నాడు. ఫోన్.

"దాన్నే పట్టుకో. రెండూ ఒక చేతికి పట్టవు."

రాజ్‌కిరణ్ నవ్వి, సాత్విక కూడా నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. చుట్టూ కట్టిన తాడు వైపు చెయ్యి చూపించింది.

"అవుతల నిలబడుండ్రి."

అతను వెళ్ళి తాడు అవతల నిలబడ్డాడు.

వత్తులు ముంచి, పిండి, వెలిగించింది. కొత్త చర్మం చలికి చుర్రుమంది. కోపం తగ్గలేదు, అదీ గొలుసులతో పాటు తిరిగింది. మంటలు మునుపటికన్నా వేగంగా, దగ్గరగా, బిగువుగా తిరిగాయి. మధ్యలో ఆంటీ కోటు జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆంటీ కనురెప్ప వేయలేదు.

సాత్విక ఆగింది. చేతులు చాచింది.

"సేఫ్టీ!"

ఈసారి ఆ పిలుపు పార్కు చివరిదాకా వినిపించింది. ఆంటీ వచ్చి ఎడమ వత్తిని తువ్వాల్లో చుట్టి అదిమింది. సుయ్యిమని ఆవిరి లేచింది. తాడు అవతల రాజ్‌కిరణ్ చప్పట్లు మొదలుపెట్టాడు.

"ఆగవయ్యా," అంది సరోజ ఆంటీ, తల తిప్పకుండానే. "ఇంకొకటి మండుతోంది."