రహమత్‌బీ రోజా, ల్యాబ్ డబ్బా

పరీక్ష పెట్టడమంటే నమ్మకపోవడమేనా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. నేను పనిచేసే ప్రభుత్వ వృద్ధాశ్రమంలో ఈ రోజు సిబ్బందికి మత్తుమందుల పరీక్ష జరిగింది. మూత్రం ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది. ఆయా రహమత్‌బీ రోజాలో ఉంది, పొద్దు మునిగేదాకా నీళ్లు కూడా ముట్టని రంజాన్ ఉపవాసం. ఎంత ప్రయత్నించినా మూత్రం రాలేదు.

"నీళ్లు తాగమ్మా," అన్నాడు ధర్మవరం నుంచి వచ్చిన ల్యాబ్ అతను.

"పొద్దు మునిగేదాకా ఆగు సార్, నీకు పున్నెముంటాది," అని బతిమాలింది ఆమె.

రహమత్‌బీ చూసుకునే ముసలామె ఓబులవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "ఏమప్పా, దినామూ మా ఉచ్చ ఎత్తేదాన్నే ఉచ్చ అడుగుతాండావే! కూసో, పొద్దు మునిగినాక పోదువులే."

అతను నవ్వి కూర్చున్నాడు. సాయంత్రం మొదటి గ్లాసు నీళ్లు ఓబులవ్వే రహమత్‌బీకి అందించింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది.

కానీ పోయినేడు మత్తులో ఉన్న అటెండరు చేతుల్లోంచి జారిపడిందీ ఈ అవ్వే. ఈ పరీక్ష వద్దనలేను, కావాలనీ అనలేను. మీరైతే ఏమంటారు?