వల అత్తయ్య చెంప

మా మేనత్తను చూసి చేపల రోగమొకటి వచ్చిన దారినే పారిపోయింది. అబద్ధమైతే మీసం తీయించుకుంటాను. చెరువులన్నిటినీ మింగేద్దామని కాలవ దాకా వచ్చిన రోగం, తూము దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ ఆవిడను చూసి, తప్పయిపోయింది తల్లీ అని తిరుగుముఖం పట్టింది. నేను తొమ్మిదో తరగతిలోనే చదువు చాలించి బడికి విశ్రాంతినిచ్చిన మనిషిని కాబట్టి కొందరు నా మాట నమ్మడానికి జంకుతారు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

మా చేపల రైతుల సంఘానికి చెరువులు పద్దెనిమిది, పెద్ద వల ఒక్కటే. ఇరవై మంది లాగితే తప్ప కదలదు. ఎవరి చెరువులో చేపలు పట్టాలన్నా అదే రావాలి. ఒక చెరువులో తడిసిన వల ఇంకో చెరువులో దిగాలంటే మధ్యలో రెండు రోజులు ఎండి తీరాలి. తడి వలను పట్టుకుని రోగం ఊరేగుతుంది; వల ఎండితే దారిలోనే చస్తుంది. ఆ వలను కడగడం, ఆరేయడం, చిరుగులు కుట్టడం, ఎండిందో లేదో తేల్చడం మా అత్త పని. పెద్దా చిన్నా అందరూ ఆవిడను వల అత్తయ్య అంటారు. సంఘం ఆఫీసంటే ముందు ఒక గది, వెనక రేకుల షెడ్డు. గదిలో నల్లబల్ల మీద వల వంతులు సుద్దముక్కతో రాసి ఉంటాయి. షెడ్డు తాళంచెవి మాత్రం అత్త మెడలో తాడుకు వేలాడుతుంది.

వల ఎండిందని తేల్చే పద్ధతి ఆవిడ సొంతం. మడతలు విప్పి పైతాడు దగ్గర, నడిమధ్యన, అడుగున సీసం గుళ్ళ దగ్గర, మూడు చోట్ల కుడి చెంప ఆనించేది. నీళ్ళలో నానీ నానీ చేతులు మొద్దుబారిపోయాయి, చెంప అయితే మోసం చెయ్యదని ఆవిడ లెక్క. "ఊఁ, పట్టుకెళ్ళండి" అంటే వల కదిలేది. అనకపోతే ప్రెసిడెంటు గారు వచ్చి బతిమాలినా కదిలేది కాదు. ముప్ఫై ఏళ్ళలో ఆ చెంపను ప్రశ్నించిన వాడు లేడు. పక్క వీధిలో ఎవరైనా తలస్నానం చేసినా అత్త చెంపకు తెలిసిపోతుందని నేనే ఊరంతా చాటాను.

ఆ రోజు పొద్దున ఆవిడ కుడిపక్క దవడపన్ను పీకించుకుంది. స్కూటర్ మీద తీసుకెళ్ళింది నేనే. సూదిమందు ఇచ్చి పీకారు. తిరిగొచ్చేటప్పటికి మూతి ఒక పక్కకు జారిపోయి, నన్ను తిట్టే తిట్లు కూడా సగం సగమే పలుకుతున్నాయి. అంత హాయి నా జన్మలో ఎరగను.

షెడ్డు దగ్గర, మేమంతా తొందరాయన అని పిలిచే రైతు కాచుకుని ఉన్నాడు. ఆయన ఏడో నెలలోనే పుట్టేశాడు, అప్పటినుంచీ అన్నిటికీ అంతే. వల వంతు ఆయనది. గట్టు మీద లారీలో ఐసు కరిగిపోతోందని కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వల అంతకుముందు మూల చెరువులో దిగి వచ్చింది. రెండు రోజులూ తీగల మీదే ఉంది గానీ, క్రితం సాయంత్రం చిన్న జల్లు పడింది. అత్త అలవాటుగా మడతలు విప్పి, మూడు చోట్లా కుడి చెంప ఆనించి, సగం నోటితో "పట్టుకెళ్ళు" అంది. మోసుకెళ్ళిన వాళ్ళవి ఎప్పుడూ తడిచేతులే. ఎవరికీ ఏమీ తెలియలేదు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి సూదిమందు దిగిపోయి నొప్పి ఎక్కింది. అత్త షెడ్డులో కూర్చుని వల అడుగుముక్కను కుడుతోంది. చిరిగిందని కోసి పక్కన పెట్టిన ముక్క అది, వలతోపాటు అదే తీగ మీద ఆరేసినది. దారం పంటితో తెంపబోతుంటే ముక్క చెంపకు చల్లగా తగిలింది. ఆవిడ ఆగిపోయింది. మళ్ళీ ఆనించింది. ఎడమ చెంపకు కూడా ఆనించి చూసింది. సూది కింద పడింది, తీసుకోలేదు.

మూల చెరువాయనకు ఫోన్ చెయ్యమంది. చేపలెలా ఉన్నాయని అడిగాను. పొద్దుటినుంచీ కొన్ని గట్టు వారకు వచ్చి తేలుతున్నాయనీ, పొట్ట కింద ఎర్రమచ్చలు కనిపిస్తున్నాయనీ, ఆ మాట చెప్పడానికే బయల్దేరుతున్నాననీ అన్నాడు. నేను విన్నది విన్నట్టు అత్తకు చెప్పాను. ఆ ముఖం చూశాక నా నోట్లో కోతలన్నీ ఎండిపోయాయి.

తడి వల తొందరాయన చెరువులో దిగి అప్పటికే నాలుగు గంటలైంది. పెద్ద చేపలు లారీ ఎక్కేశాయి. పెరగాల్సినవి వేలల్లో చెరువులోనే ఉన్నాయి. అంతకంటే పెద్ద గండం ఇంకొకటి. చేపలు పట్టడం అయిన చెరువు నుంచి మూరెడు లోతు నీళ్ళు కాలవలోకి వదలడం సంఘం కట్టుబాటు. మిగిలిన పదహారు చెరువులకూ వెళ్ళేది ఆ కాలవ నీళ్ళే. తూము ఎత్తే వేళ నాలుగు గంటలు. అక్కడున్నది తొందరాయన కాబట్టి మూడున్నర అనుకోవాలి. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. ఆయన ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

అత్త తాళంచెవిని గుప్పిట్లో బిగించి కదలకుండా కూర్చుంది. అప్పుడు బుర్రలో ఏం తిరిగిందో చాలా రోజుల తర్వాత నాకు చెప్పింది. నోరు విప్పితే ముప్ఫై ఏళ్ళ మాట పోతుంది, షెడ్డూ పోతుంది. విప్పకపోతే తప్పు ఎవరికీ తెలియదు. రోగం పిట్టల కాళ్ళకు అంటుకుని వచ్చిందనుకుంటారు. అంతా కలిపి ఒక నిమిషం. ఆ నిమిషం గురించే ఆవిడకు ఇప్పటికీ వణుకు.

"స్కూటర్ తియ్యరా" అంది.

మామూలుగా నా వెనక కూర్చుంటే, నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోవాలి. అంత మెల్లగా పోనివ్వాలి. ఆ రోజు గతుకుల గట్టు మీద బండి గాల్లోకి లేస్తుంటే, వెనకనుంచి నా చొక్కా పిడికిళ్ళతో పట్టుకుని "ఇంకా పోనీ, ఇంకా పోనీ" అంటూనే ఉంది.

మేం వెళ్ళేసరికి తొందరాయన తూము మీద వంగి, దాన్ని మూసే పలక కొక్కెం అప్పుడే విప్పి, పైకి లాగడానికి రెండు చేతులూ వేశాడు.

"తమ్ముడూ, పలక వదులు."

"వేళయింది కదక్కా."

"వల తడిది. మూల చెరువులో ఎర్రమచ్చలు వచ్చాయి."

"నువ్వు చెంప పెట్టావు కదా. నేను పక్కనే ఉన్నాను."

"పెట్టాను. చెంపకు స్పర్శ లేదు. ఆ సంగతి నాకు తట్టలేదు."

ఆయన తన చెరువు వైపు చూశాడు. తర్వాత కాలవ వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఏ తొందరా లేకుండా కొక్కెం బిగించి, కిందికి దిగి, పలక సందుల్లో బంకమట్టి కూరడం మొదలుపెట్టాడు. అత్త కూడా దిగింది.

ఆ తర్వాత రెండు వారాలు మా సంఘంలో ఎవరికీ ముద్ద దిగలేదు. అత్త రోజూ పొద్దున్నే చేతివలతో తొందరాయన చెరువులో పది చేపలు పట్టి, రెక్కలు ఎత్తి, పొట్టలు తిప్పి చూసేది. గట్టు మీద పదహారు మంది రైతులు వరసగా నిలబడేవాళ్ళు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆవిడ కాస్త ఊపిరి పీల్చుకునేది. నాలుగో రోజు ఒక చేప తోక దగ్గర ఆవగింజంత ఎర్రచుక్క కనిపించింది. అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది. సున్నం చల్లారు, మందు వేశారు. అయినా ఆ చెరువులో మూడో వంతు పోయాయి. చచ్చిన వాటిని ఏరి గోతిలో పూడ్చే పని ఆవిడే చేసింది. మధ్యాహ్నాలు పదహారు చెరువులూ నడిచి తిరిగేది. కాలవ పొడిగానే ఉంది. ఏ చెరువులోనూ ఎర్రచుక్క రాలేదు.

పదిహేనో రోజు సంఘం కూర్చుంది. అత్త మెడలో తాడు తీసి తాళంచెవి బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. ప్రెసిడెంటు గారు దాన్ని ముట్టుకోలేదు, తేలును చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. చివరకు లేచింది తొందరాయన.

"తాళంచెవి అక్క దగ్గరే ఉండనివ్వండి. ఇకనుంచి ఆవిడ చెంప తర్వాత నా చెంప కూడా పెడతాను. ఇద్దరికీ ఒకేరోజు పన్నునొప్పి రాదు కదా."

ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు గానీ తాళంచెవి తీసుకుంది. నల్లబల్ల మీద వల వంతుల పైన, "రెండు చెంపలు" అని ప్రెసిడెంటు గారే రాశారు. ఇప్పుడు వల బయటికి వెళ్ళే రోజున తొందరాయన గడ్డం నున్నగా గీసుకుని, గంట ముందే వచ్చి, తన వంతు కోసం ఓపిగ్గా నిలబడతాడు.

మొన్న సంఘంలో కొత్తగా చేరిన వాళ్ళకు షెడ్డులో ఈ కథ చెబుతూ, రోగం అత్తను చూసి గడగడ వణికి పారిపోయిందనే దగ్గరికి వచ్చాను. ఆవిడ వల కుడుతూ తల ఎత్తకుండానే అంది:

"అది నన్ను చూసి భయపడలేదురా. నేనే దానికి భయపడ్డాను. తప్పు నాది, తూము బిగించింది వాడు."