గురువారం నెత్తురు గంజి

కంప్యూటర్ కీబోర్డు మీద ఒక్కో మీటకీ ఒక్కో టోపీ ఉంటుంది. ఆ టోపీల్లో ఒక్కదాన్ని, ఆరితే గాజులా గట్టిపడే రెజిన్ చేత్తో పోసి, లోపల చిన్న బొమ్మ పెట్టి అమ్మితే కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని ఖాయ్ చెబితే తల్లి దియెప్ నమ్మలేదు.

"ఒక్క మీట కోసమా? మిగతా మీటలు ఏం పాపం చేశాయిరా?" అంది.

అక్క థోవా మాత్రం నమ్మింది. ఆమె ఎనిమిదేళ్లు చెప్పుల ఫ్యాక్టరీలో అరికాళ్లకు జిగురు పూసింది. ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి నాలుగు నెలలు. ఆ జిగురు కంపు వదిలి, సైగాన్‌లో తమ సందులో, తమ ఇంటి మేడ మీద కూర్చుని పని చేసుకోవచ్చంటే ఆమెకు పండగలా అనిపించింది. చేతిలో పనితనం ఉందని కూడా ఆమెకు తెలుసు. వారం తిరక్కుండా బఠాణీ గింజంత మట్టితో ఒక గోదురుకప్పను చేసింది. మూతి పైకెత్తి పళ్లు నూరుతున్న కప్ప. కప్ప ఆకాశానికి మేనమామ అనీ, అది పళ్లు నూరితే వాన పడక తప్పదనీ ఆ దేశంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. వాళ్ల సరుకును నిలబెట్టింది ఆ కప్పే. పేరు మాత్రం ఖాయ్‌దే.

సామాన్లు కొనడానికి అక్కాతమ్ముళ్లిద్దరూ పనిముట్ల బజారుకు వెళ్లారు. రెజిన్‌లో బుడగలు లేకుండా గట్టిపడాలంటే అచ్చుల్ని గాలి ఒత్తిడి ఉన్న ట్యాంకులో పెట్టాలి. దుకాణం ముసలామె దగ్గర రెండు ట్యాంకులున్నాయి. ఒకటి రంగులు కొట్టే పాత ట్యాంకు, సేఫ్టీ వాల్వు లేదు. రెండోది కొత్తది, వాల్వూ మీటరూ రెండూ ఉన్నాయి. ఖాయ్ మూడు వారాలుగా రాత్రీ పగలూ ఇవే చదివాడు. పాత ట్యాంకు మూత ఊడి ఎవరింటి పైకప్పు లేచిపోయిందో, ఎవరి దవడ విరిగిందో అన్నీ కంఠతా చెప్పాడు. కొత్తదాన్నే ఎంచుకుని, నీళ్లు నింపించి, ఒత్తిడి ఎక్కించి, వాల్వు బుస్సుమనేదాకా అక్కడే నిలబడి చూశాడు. ఆ జాగ్రత్తకు ముసలామె కూడా ముచ్చటపడింది.

తర్వాత ముసలామె రెజిన్ ఘాటు తగలకుండా మాస్కు తెచ్చింది. ముఖానికి అతుక్కునే రబ్బరు మాస్కు, అటొక డబ్బా ఇటొక డబ్బా.

"ఎన్ని, బాబూ? ఒకటా, రెండా?"

"ఒకటి చాలు. పోసేది నేనే కదా. అక్క అరగదీస్తుందంతే."

"డబ్బాల్లో బొగ్గుంటుంది. ఎన్నాళ్లో పనిచెయ్యదు, మార్చుకుంటుండాలి. పనయ్యాక సంచిలో మూతి కట్టి పెట్టుకోండి, బయట వేలాడదీశారా, ఊరికే పాడవుతుంది."

ఖాయ్ అప్పటికే ట్యాంకు బోల్టులు మళ్లీ లెక్కపెడుతున్నాడు. థోవా ఆ మాట వింది. స్కూటరు మీద ఎండకూ దుమ్ముకూ కట్టుకునే పువ్వుల గుడ్డ మాస్కు ముఖాన పెట్టుకుని, అంతా విని, నోరు మెదపలేదు. డబ్బులేక కాదు. రెండోది కావాలని అడగడం తనకెందుకో ఎక్కువ అనిపించింది, అంతే. తర్వాతి రోజుల్లో తమ్ముణ్ని తిట్టుకున్నదానికి రెట్టింపు ఆ నిమిషానికి ఆమె తనను తాను తిట్టుకుంది.

పని మొదలైంది. రెజిన్ పోయడం పావుగంట పని. ఆ పావుగంటా ఖాయ్ రబ్బరు మాస్కుతో వీడియోలో కనబడేవాడు. కొనేవాళ్లకు అది నచ్చేది. వీడియో అయిపోగానే మాస్కు కిటికీ పక్కన మేకుకు వేలాడేది. అసలు పని ఆ తర్వాతే. అచ్చులోంచి తీసిన ప్రతి టోపీకీ అడుగు సమం చెయ్యాలి, అంచు తీర్చాలి, మెరుగు పెట్టాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా పీట మీద కూర్చుని ఉప్పుకాగితం మీద రుద్దేది థోవా. ఆర్డర్లు ఎక్కువైతే ఖాయ్ ఆత్రపడి పూర్తిగా ఆరకముందే అచ్చులు విప్పేవాడు. ఆ పచ్చి రెజిన్ పొడి ఆమె ఒళ్లోనూ కనురెప్పల మీదా బియ్యప్పిండిలా పడేది. పొడి ఎగిరిపోతుందని పంకా కూడా వేసుకునేది కాదు.

ఆ దుమ్ముకు తల్లి దగ్గర మందు ఉంది. దియెప్ ముప్పై ఏళ్లు నేత మిల్లులో పనిచేసింది. అక్కడ ప్రతి గురువారం క్యాంటీన్లో పంది నెత్తురు గడ్డలు వేసిన బియ్యపు గంజి పోసేవాళ్లు. నెత్తురు గంజి ఊపిరితిత్తుల్లోని దుమ్మును ఊడ్చేస్తుందని పైవాళ్లు చెప్పారు, కిందివాళ్లు నమ్మారు. ఆమె ఇప్పుడు గురువారం గురువారం సందు చివర బండి దగ్గర నెత్తురు తెచ్చి, అల్లం, మిరియాలు, ఉల్లికాడలు వేసి కుండెడు కాచేది.

"తాగవే. దుమ్మంతా కడుక్కుపోద్ది. నన్ను చూడు, మిల్లులో ముసలిదాన్నయ్యాను, ఏమైంది నాకు?" అని దగ్గేది.

థోవా తాగేది. గంజి రుచిగానే ఉండేది మరి. తాగిన రోజు గుండె తేలికపడినట్టు కూడా అనిపించేది. పేలే ట్యాంకుకు భయపడ్డ ఇల్లు, చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయే పొడికి గంజి పోసి ఊరుకుంది.

నాలుగో ఏట మొదట పొడిదగ్గు వచ్చింది. చిన్న దగ్గు, గొంతులో వెంట్రుక అడ్డం పడినట్టు. తర్వాత వేళ్ల సందుల్లో దురద. ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి ఛాతీలో పిల్లనగ్రోవి. కొత్త సంవత్సరానికి పని ఆపిన పది రోజులూ ఏమీ లేదు. పదకొండో రోజు పీట మీద కూర్చున్న గంటకే మెట్ల మీద కూలబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా అన్నీ అడిగింది. ఏ మాస్కు వాడుతున్నావంటే థోవా సంచిలోంచి పువ్వుల గుడ్డ తీసి చూపించింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఎండకు కట్టుకునేది కదమ్మా."

"ప్రతి గురువారం నెత్తురు గంజి కూడా తాగుతున్నానండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అది పొట్టలోకి పోతుంది. ఊపిరితిత్తులకు దారి వేరు. ఇక మీదట నువ్వు ఆ గదిలో అడుగు పెట్టకూడదు. నీ ఒంటికి అది పడటం మానేసింది. ఇప్పుడు ఎంత మంచి మాస్కు వేసుకున్నా నీకు లాభం లేదు."

ఇంటికొచ్చి చెబితే ఖాయ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ముందే చెప్పొచ్చు కదక్కా, నేను కాదంటానా?" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ముందే ఎందుకు చెప్పలేదో కూడా కాలిన చేతులవాళ్లే సంజాయిషీ చెప్పుకోవాలి. నలభై నిండని మనిషి, తన కప్పను తాను ముట్టుకోలేక, వీధి గదిలో ఐసు టీ అమ్ముకుంటూ కూర్చుంది. పైన కప్పలు తయారవుతూనే ఉన్నాయి.

ఏడాదికి ఖాయ్ పెళ్లి చేసుకున్నాడు. పిల్ల పేరు త్రామ్, నెమ్మదస్తురాలు. నెల తిరిగేసరికి ఆ పిల్ల పైన పీట మీద కూర్చుంది. మాస్కు సంగతి థోవా రెండుసార్లు అడిగింది. "ఉందిగా, మేకుకి ఉంది, కావాలంటే పెట్టుకుంటుంది" అన్నాడు ఖాయ్.

ఒక గురువారం మధ్యాహ్నం దియెప్ గంజి గిన్నెలో పోసి కోడల్ని పిలిచింది. త్రామ్ దిగి వచ్చింది. కనురెప్పల మీద తెల్లటి పొడి. గడ్డం కిందికి లాగిన గుడ్డ మాస్కు. ఆ పువ్వులు థోవా ఎరుగును. ఉతికి ఆరేసి దాచిన తన మాస్కే అది.

"తాగమ్మా, దుమ్మంతా కడుక్కుపోద్ది" అంది దియెప్.

థోవా లేచి వచ్చి ఆ పిల్ల చేతిలోంచి గిన్నె తీసుకుని తొట్టిలో కుమ్మరించింది.

"ఏమే, పిచ్చి పట్టిందా? తిండి పారబోస్తావా?"

"నాలుగేళ్లు తాగానమ్మా నేను. గిన్నె తుడిచి మరీ తాగాను. ఇప్పుడు మెట్లెక్కలేకపోతున్నాను."

"నేను తాగలేదూ? బతకలేదూ?"

"మిల్లులో నీ మగ్గాల వరసలో ఎంతమంది ఉండేవాళ్లమ్మా?"

"ఆరుగురం."

"ఇప్పుడెవరున్నారు?"

దియెప్ గరిటె కుండలో పెట్టింది. "నేనే ఉన్నాను. గంజి వల్లే మిగిలాననుకున్నా."

"మిగతా ఐదుగురూ తాగలేదా?"

"తాగారు." ఆమే మళ్లీ అంది, "మాకు మాస్కు ఎవడిచ్చాడే? గంజే ఇచ్చారు. నాకు తెలిసింది అదొక్కటే."

తల్లి మీద కోపం తెచ్చుకోవడానికి థోవాకు ఆ తర్వాత ఏమీ మిగల్లేదు. తిలా పాపం తలా పిడికెడు, అందులో తన పిడికెడూ ఉంది. మెట్ల దగ్గర నిలబడి, ఒక మెట్టు కూడా ఎక్కకుండా, తమ్ముణ్ని కేకేసింది.

"ఆ రబ్బరు మాస్కు పట్టుకురారా. ఇప్పుడే."

ఖాయ్ తెచ్చాడు. థోవా దాన్ని తన చేతులతో మరదలి ముఖానికి పెట్టి, పట్టీలు బిగించి, పైనుంచి సగం ఆరిన కప్పను ఒకదాన్ని తెప్పించి తాను దూరంగా జరిగింది.

"దాని దగ్గరగా ఊపిరి పీల్చు."

త్రామ్ పీల్చింది. "వదినా, వాసన వస్తోంది."

"పట్టీ వదులుగా ఉందేమో, బిగించుకో."

బిగించుకుని మళ్లీ పీల్చింది. "అలాగే వస్తోంది. బయట ఎంత ఉందో లోపలా అంతే ఉంది."

థోవాకు బజారులో ముసలామె మాట గుర్తొచ్చింది. ఐదేళ్లు మేకుకు వేలాడిన మాస్కు.

"ఒరేయ్, ఈ డబ్బాలు ఎప్పుడు మార్చావు?"

ఖాయ్ మాస్కు తీసుకుని తిప్పి చూశాడు. ట్యాంకు వాల్వును ప్రతి సోమవారం పరీక్షించే మనిషి, డబ్బాల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇవి మార్చాలా?" అన్నాడు.

అని దగ్గాడు. చిన్న దగ్గు, పొడిది, గొంతులో వెంట్రుక అడ్డం పడినట్టు. ముగ్గురు ఆడవాళ్లూ అతని వైపే చూశారు. దియెప్ చెయ్యి అలవాటు కొద్దీ గరిటె మీదికి పోయింది.